జపాన్ యుద్ధకాల ఫైటర్ విమానాలు: మిగిలినవాటి జాడ తీయడం ఎలా?

"ఫలానా మ్యూజియంలో ఉన్న జీరో అసలుదేనా?", "ఈ ఫొటోలోని శిథిలం ఇప్పుడు ఎక్కడుంది?" అని చాలామంది అడుగుతున్నారు. జీరో అంటే రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ నౌకాదళం వాడిన పేరుమోసిన ఫైటర్ విమానం. రెండింటికీ జవాబు దొరికే పద్ధతి ఒకటే. విమానం గురించి చెప్పే కథను కాసేపు పక్కనపెట్టి, దాని తయారీ నంబరు పట్టుకోవాలి. నంబరు దొరికితే కథ నిజమో కాదో అదే తేలుతుంది. నంబరు లేకుండా కథ వెంట పడితే నెలల తరబడి తిరిగినా మొదలుపెట్టిన చోటే ఉంటాం.

ఇంట్లో కూర్చుని వెతికేవాళ్లకీ, మ్యూజియానికో పసిఫిక్ దీవులకో వెళ్లగలిగినవాళ్లకీ పనికొచ్చేలా వరుసగా చెబుతున్నాను. మధ్యలో ఏ మెట్టూ దాటేయకండి.

## 1. ముందు ప్రశ్నను చిన్నది చేసుకోండి

"జపాన్ విమానాలన్నీ" అని మొదలుపెడితే ఎటూ తేలదు. ఒక రకాన్ని గానీ, ఒక చోటును గానీ, ఒకే ఒక్క విమానాన్ని గానీ ఎంచుకోండి. కొత్తవాళ్లకు ఒకే ఒక్కటిగా మిగిలిన విమానాలు మంచివి, ఎందుకంటే తికమక తక్కువ. ఉదాహరణకు కి-84 హయాతె ("కి" అనేది జపాన్ సైన్యం తన విమానాల నంబర్లకు ముందు పెట్టుకున్న గుర్తు) మొత్తంగా మిగిలింది ఒక్కటే. అది కగోషిమా జిల్లాలోని చిరాన్ మ్యూజియంలో ఉంది. కి-100 కూడా ఒక్కటే, బ్రిటన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియం దగ్గర ఉంది. కి-27 ఫుకుఓకా జిల్లాలోని తచియరాయి మ్యూజియంలో ఉంది. దాన్ని 1996లో హకాతా అఖాతం నుంచి పైకి తీశారు.

జీరోతో మొదలుపెట్టకండి. పదివేలకు పైగా తయారైన విమానం, మిగిలినవీ ఎక్కువే. వాటి చుట్టూ అల్లుకున్న కథలు ఇంకా ఎక్కువ.

## 2. పేర్లు, సంవత్సరాల లెక్క నేర్చుకోండి

ఒకే విమానానికి కనీసం మూడు పేర్లుంటాయి. ఏ పత్రంలో ఏ పేరు రాస్తారో తెలియకపోతే ఎదురుగా ఉన్న సమాచారం కూడా కనబడదు.

- మిత్రరాజ్యాల పత్రాల్లో మారుపేర్లు ఉంటాయి: జీరోకు జీక్, హయబుసాకు ఆస్కర్, హియెన్‌కు టోనీ, హయాతెకు ఫ్రాంక్, షిదెన్‌కు జార్జ్, రైదెన్‌కు జాక్. చదరపు రెక్క కొసలున్న జీరో 32ను వేరుగా హాంప్ అనేవారు.
- జపాన్ పత్రాల్లో "టైప్" నంబరు ఉంటుంది. అది జపాన్ రాజవంశ సంవత్సరంలోని చివరి అంకె (1940కి ముందువాటికి చివరి రెండు అంకెలు). 2600 అంటే మన 1940, అందుకే ఆ ఏడాది విమానం టైప్ 0. హయబుసా టైప్ 1, హియెన్ టైప్ 3, హయాతె టైప్ 4.
- విమానం మీద తయారీ తేదీ ఎక్కువగా షోవా (అప్పటి జపాన్ చక్రవర్తి పాలనాకాలం) సంవత్సరంలో ఉంటుంది. దానికి 1925 కలపండి. షోవా 17 అంటే 1942.

జీరో మోడల్ నంబరులో రెండు అంకెలను విడివిడిగా చదవాలి. మొదటిది బాడీలో వచ్చిన మార్పు, రెండోది ఇంజిన్. 21, 32, 22, 52 అని వరుస తప్పినట్టు కనిపించడానికి కారణం ఇదే. 32లో బాడీ, ఇంజిన్ రెండూ మారాయి. తరువాత వచ్చిన 22లో పాత పొడవు రెక్కను కొత్త ఇంజిన్‌తో కలిపారు.

## 3. ఒక్కో విమానానికి ఒక్కో పేజీ పెట్టండి

ఎక్సెల్ షీటైనా, నోట్‌బుక్ అయినా పర్వాలేదు. ప్రతి విమానానికీ ఈ గళ్లు ఉండాలి:

- [ ] రకం, మోడల్
- [ ] తయారీ నంబరు, అది ఎక్కడ చూసి రాశారు
- [ ] తయారుచేసిన ఫ్యాక్టరీ
- [ ] తోక నంబరు (యుద్ధకాలపు ఫొటోలో కనిపించిందా, తరువాత రంగు వేసినవాళ్లు రాసిందా)
- [ ] దొరికిన చోటు, దొరికిన సంవత్సరం
- [ ] చేతులు మారిన వరుస
- [ ] ఇప్పుడున్న చోటు, చివరిసారి అక్కడ ఉందని రూఢి అయిన తేదీ
- [ ] ప్రతి గడి పక్కన: స్వయంగా చూసినది / పత్రంలో ఉన్నది / ఎవరో చెప్పినది

చివరి గడిని బద్ధకించి వదిలేస్తే ఆర్నెల్ల తరువాత మీ నోట్సును మీరే నమ్మలేరు.

## 4. అది ఏ దారిలో మిగిలిందో తేల్చండి

మిగిలిన విమానాలు దాదాపుగా నాలుగు దారుల్లో వచ్చాయి. దారి తెలిస్తే ఏ పత్రాలు వెతకాలో తెలుస్తుంది.

యుద్ధంలో పట్టుబడినవి. 1944 జూన్‌లో సైపాన్‌లో అమెరికన్ల చేతికి చిక్కినవి ఈ కోవలోవి. కాలిఫోర్నియాలోని చీనోలో ఉన్న 61-120 తోక నంబరు జీరో అక్కడిదే. పట్టుబడిన విమానాలను పరిశీలించడానికి సాంకేతిక నిఘా దళాలు ఉండేవి. అవి నంబర్లను జాగ్రత్తగా రాసుకునేవి కాబట్టి ఈ దారిలో పత్రాలు బాగా దొరుకుతాయి.

జపాన్ లొంగుబాటు తరువాత తరలించినవి. 1945 చివర్లో యొకొసుకా నుంచి బార్న్స్, కోర్, బోగ్ అనే మూడు విమానవాహక నౌకల మీద దాదాపు 145 విమానాలు అమెరికా వెళ్లాయి. వీటికి అక్కడ ఎఫ్‌ఈ, టీ2 అక్షరాలతో కొత్త నంబర్లు ఇచ్చారు. ఆ నంబరును తయారీ నంబరు అనుకోకండి.

నీళ్లలోంచి తీసినవి. ఎహిమె జిల్లా ఐనాన్‌లో ఉన్న షిదెన్-కైని (షిదెన్‌ను మెరుగుపరిచిన రూపం) 1979లో సముద్రంలోంచి తీశారు. కురే నగరంలోని యమాతో మ్యూజియం జీరోను 1978లో బివా సరస్సులోంచి తీశారు. ఇలాంటివాటికి స్థానిక వార్తాపత్రికలే పెద్ద ఆధారం.

అడవుల్లో, పాడుపడిన రన్‌వేల మీద దొరికినవి. పసిఫిక్‌లోని రబౌల్, బూగెన్‌విల్, బల్లాలె, టరోవా, బాబో, ఉత్తరాన కురిల్ దీవుల్లోని షుంషు ఇలాంటి చోట్లు. తప్పుడు గుర్తింపులు ఎక్కువగా ఈ దారిలోనే ఉంటాయి. 1960ల నుంచీ ఎంతోమంది ఎన్నో భాగాలు తీసుకెళ్లారు, కలిపారు, అమ్మారు.

## 5. నంబరు చదవడం

పనంతా ఇక్కడే ఉంది, తొందరపడకండి.

జీరోలో ఎడమవైపు, బాడీ వెనక భాగంలో, తోక రెక్కకు కాస్త ముందు ఒక చిన్న స్టెన్సిల్ పట్టీ ఉంటుంది. రకం, తయారీ నంబరు, తయారీ తేదీ, యూనిట్ అని నాలుగు వరుసలు. శిథిలాల్లో ఇది చాలావరకు చెరిగిపోయి ఉంటుంది. టార్చిని రేకుకు దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకుని, ఎదురుగా ఒకటి, ఏటవాలుగా రెండు మూడు ఫొటోలు తీయండి. రంగు పోయినా దాని అంచు నీడలో తేలుతుంది. కంటికి కనిపించని అంకె కూడా కంప్యూటర్‌లో కాంట్రాస్ట్ పెంచితే కొన్నిసార్లు బయటపడుతుంది. తడిగుడ్డ, సబ్బు, వైర్ బ్రష్, పెట్రోలు మాత్రం వాడకండి. ఒక్కసారి రుద్దితే ఉన్న ఆధారం పోతుంది.

స్టెన్సిల్ పోతే విడిభాగాలు చూడండి. ఇంజిన్ మూతలు, తనిఖీ మూతలు, ఫ్లాప్‌ల లోపలి అంచుల మీద విమానం నంబరు, లేదా దాని చివరి అంకెలు, గుద్ది ఉంటాయి. అయితే యుద్ధం జరుగుతుండగానే మెకానిక్‌లు ఒకదాని భాగాలు ఇంకోదానికి బిగించేవారు. ఒక్క మూత మీద నంబరు దొరికిందని విమానం దొరికినట్టు కాదు. బాడీ, రెక్క, తోక మూడింటిలో కనీసం రెండు చోట్ల ఒకే నంబరు కనిపించేదాకా "బహుశా" అనే రాసుకోండి.

ఫ్యాక్టరీ తెలియని నంబరుకు విలువ లేదు. చీనోలో ఉన్న జీరో నంబరు 5357. పెర్ల్ హార్బర్ మ్యూజియంలో ఉన్న జీరో నంబరు 5356. పక్కపక్కన ఒకే లైన్‌లో తయారైన కవలలు అనిపిస్తుంది. కానీ మొదటిది నకజిమా కట్టిన మోడల్ 52, రెండోది మిత్సుబిషి కట్టిన మోడల్ 21. రెండు కంపెనీల నంబర్ల వరుసలు వేరు. పైగా ఎన్ని విమానాలు తయారవుతున్నాయో శత్రువుకు తెలియకుండా నంబరు ముందు అదనపు అంకెలు చేర్చేవారు. కాబట్టి నంబరును బట్టి "ఇది ఇన్నో విమానం" అని లెక్కకట్టకండి.

నంబరు ఎక్కడా దొరకకపోతే ఆకారం చూసి కనీసం మోడల్ తేల్చవచ్చు:

- రెక్క కొస చదరంగా ఉంటే జీరో 32
- కొస గుండ్రంగా ఉండి మడిచే కీలు ఉంటే 21 లేదా 22
- గుండ్రంగా ఉండి కీలు లేకపోతే, ఇంజిన్ పొగగొట్టాలు విడివిడిగా బయటికి వచ్చి ఉంటే 52 తరహా
- రెక్కలో తుపాకీ గూడు లేకుండా ముక్కు మీద మాత్రమే తుపాకులుంటే అది జీరో కాదు, హయబుసా అయ్యే అవకాశం ఎక్కువ
- పొడవాటి సన్నని ముక్కు, కడుపు కింద రేడియేటర్ ఉంటే హియెన్

స్థానికులు ఏ శిథిలాన్నయినా "జీరో" అనే అంటారు. గైడ్ మాట విని రాసుకోకండి, రెక్క చూసి రాసుకోండి.

## 6. ఊళ్ల పాత పేర్లు పట్టిక వేసుకోండి

వైజాగపటం, కోకనాడ అని తెలియనివాడు మన విశాఖపట్నం, కాకినాడ మీద పడిన బాంబుల రికార్డును వెతికి పట్టుకోలేడు. అక్కడా అంతే. ట్రక్ ఇప్పుడు చూక్. హొలాండియా ఇప్పుడు జయపుర. పొనాపె ఇప్పుడు పోన్‌పెయి. బూగెన్‌విల్‌లో జపాన్‌వాళ్లు బుయిన్ అన్న ఎయిర్‌ఫీల్డ్‌ను మిత్రపక్షం కహిలి అని రాసింది. ఒక్కో చోటుకు కనీసం మూడు పేర్లు రాసుకుని మూడింటితోనూ వెతకండి.

## 7. పత్రాలను ఈ వరుసలో వెతకండి

1. మ్యూజియం సొంత కేటలాగ్. ముందు దీన్నే చూడండి, కానీ దీన్నే చివరి మాట అనుకోకండి.
2. పసిఫిక్ శిథిలాలను ఒక్కొక్కటిగా నమోదు చేస్తున్న పసిఫిక్ రెక్స్ డేటాబేస్.
3. ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ ఫొటోలు. దళాలు ఎయిర్‌ఫీల్డ్ పట్టుకున్న రోజుల్లో తీసిన ఫొటోల్లో తోక నంబర్లు స్పష్టంగా ఉంటాయి.
4. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్, కాలేజ్ పార్క్. నిఘా దళాల రిపోర్టులు.
5. జపాన్ పత్రాల కోసం జకార్ అనే డిజిటల్ ఆర్కైవ్. ఉచితం, ఇంటి నుంచే చూడవచ్చు.

జపాన్ భాష రాకపోయినా భయపడక్కర్లేదు. నాలుగు మాటలు జపాన్ లిపిలో కాపీ చేసి పెట్టుకుంటే చాలా పని జరుగుతుంది: "గెన్‌సోన్" (ఇప్పటికీ ఉన్నది), "ఫుకుగెన్" (పునరుద్ధరణ), "సెయిజో బాంగో" (తయారీ నంబరు), "జిత్సుబుత్సుదాయి మోకెయి" (అసలు సైజు నమూనా). వీటిలో నాలుగోది చాలా కాలం ఆదా చేస్తుంది. ఆ మాట కనిపించిందంటే అక్కడున్నది అసలు విమానం కాదు.

యుద్ధం ముగిసిన రోజుల్లో జపాన్ సైన్యం కుప్పలకొద్దీ పత్రాలు తగలబెట్టింది. కాబట్టి గొలుసులో ఖాళీలు ఉండి తీరతాయి. ఆ ఖాళీని ఊహతో నింపకుండా ఖాళీగానే ఉంచండి.

## 8. మ్యూజియానికి రాసేటప్పుడు

"మీ విమానం గురించి వివరాలు పంపండి" అని రాస్తే బ్రోషర్ వస్తుంది. సూటిగా నాలుగే ప్రశ్నలు అడగండి:

- [ ] తయారీ నంబరు ఏ భాగం మీద కనిపించింది?
- [ ] మీ దగ్గరికి ఏ సంవత్సరంలో, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది?
- [ ] బాడీలో, రెక్కల్లో ఎంత భాగం ఒరిజినల్?
- [ ] ఇంజిన్ ఆ విమానంతోనే దొరికిందా?

మీరు అప్పటికే వెతికి పట్టుకున్నది ఒక వాక్యంలో చెప్పండి. పని చేసి అడుగుతున్నవాళ్లకు క్యూరేటర్లు ఓపిగ్గా జవాబిస్తారు.

వెళ్లేముందు తెరిచి ఉంటుందో లేదో చూసుకోండి. జీరోలు, హయబుసా ఉన్న కవాగుచికో మ్యూజియం ఏడాదిలో ఆగస్టు నెలలో మాత్రమే తెరుస్తారు. విమానాలు చోట్లు కూడా మారతాయి. చిరాన్‌లో ఎన్నో ఏళ్లున్న హియెన్‌ను కవసాకి కంపెనీ బాగుచేసి 2016లో కోబెలో ప్రదర్శించింది. ఇప్పుడది గిఫు జిల్లా కకమిగహారా మ్యూజియంలో ఉంది. పాత గైడ్‌బుక్ పట్టుకుని చిరాన్ వెళ్లి హియెన్ కోసం వెతికితే నిరాశే మిగులుతుంది.

## 9. "పునరుద్ధరణ" అంటే ఎంత?

ఇక్కడ మొహమాటం వద్దు. ఒకే మాట కింద నాలుగు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. నేను ఇలా విడదీసి రాసుకుంటాను:

అ) ఉన్నదున్నట్టు ఉంచినవి. డార్విన్ ఏవియేషన్ మ్యూజియంలోని జీరో శిథిలం దీనికి మంచి ఉదాహరణ. 1942 ఫిబ్రవరి 19న డార్విన్ మీద దాడికి వచ్చి మెల్విల్ దీవిలో దిగిపోయిన హజిమె టొయొషిమా విమానం అది. నా మటుకు అన్నిటికన్నా విలువైనవి ఇవే, ఎందుకంటే ఇంకా చదవాల్సినది వాటి మీద మిగిలి ఉంటుంది.

ఆ) ఒరిజినల్‌ను కాపాడుతూ బాగుచేసినవి. కకమిగహారా హియెన్ ఈ తరహాది. తరువాత ఎప్పుడో వేసిన రంగును తీసేసి లోహాన్ని అలాగే వదిలారు.

ఇ) భాగాలు కలిపి నిలబెట్టినవి. రెండు మూడు శిథిలాల నుంచి ఒక విమానం. తప్పేమీ లేదు, కానీ మీ పేజీలో నంబర్లన్నీ రాయండి.

ఈ) నమూనాగా పెట్టుకుని కొత్తగా కట్టినవి. 1990ల్లో బాబో నుంచి తెచ్చిన శిథిలాల ఆధారంగా రష్యాలో మూడు జీరోలను దాదాపు కొత్తగా కట్టారు. 2016 జనవరిలో కగోషిమాలో గాల్లోకి లేచినది వాటిలో ఒకటే. ఇంజిన్ అమెరికన్ ప్రాట్ అండ్ విట్నీ.

అడవిలోంచి వచ్చిన జీరో ఎగురుతోందంటే మొదట స్పార్ గురించి అడగండి. రెక్క బరువంతా మోసే దూలం అది. బరువు తగ్గించడానికి సుమితొమొ కంపెనీ తయారుచేసిన ఎక్స్‌ట్రా సూపర్ డ్యూరాల్యూమిన్ అనే మిశ్రమలోహాన్ని దానికి వాడారు. అప్పట్లో అంత బలమైనది అరుదు. కానీ దశాబ్దాల తేమకు అది లోపల్నుంచి తుప్పు పట్టి, పాత అట్ట తడిసినట్టు పొరలు పొరలుగా విడిపోతుంది. పైన రేకు బాగానే కనిపిస్తుంది, వేలితో నొక్కితే రాలుతుంది. అలాంటి స్పార్‌తో ఎవరూ ఎగరలేరు. కాబట్టి స్పార్ కొత్తదే అనుకుని, అక్కడినుంచి ఇంకేం ఒరిజినల్ అని అడుగుతూ వెళ్లండి.

అసలు సకాయే ఇంజిన్‌తో (యుద్ధకాలంలో జీరోకు బిగించిన జపాన్ ఇంజిన్) ఎగిరిన జీరోగా చీనోలోని 61-120కు ఉన్న స్థానం వేరు. మిగతా ఎగిరేవాటిని దాని పక్కన పెట్టి పోల్చకండి.

## 10. శిథిలం దగ్గరికి వెళ్తే

పాపువా న్యూ గినీ, సోలమన్ దీవుల్లో యుద్ధ శేషాలకు చట్టరక్షణ ఉంది. చూక్ లగూన్‌లో (దీవుల చుట్టూ పగడపు దిబ్బల లోపలి సముద్రంలో) మునిగిన ఓడల్లోంచి ఏదీ తీయకూడదు. అక్కడ ఫుజికావా మారు ఓడ గదిలో ఉన్న జీరో బాడీలను డైవర్లు చూసి రావచ్చు, అంతే.

- [ ] భూమి సొంతదారుల అనుమతి, అవసరమైతే ప్రభుత్వ అనుమతి
- [ ] కొలత కోసం స్కేలు, టార్చి, జీపీఎస్
- [ ] ముందు దూరం నుంచి నాలుగు వైపులా, తరువాత దగ్గరగా ఫొటోలు
- [ ] 20 ఎంఎం తూటాలు కనిపిస్తే వెనక్కి రండి, ఇన్నేళ్లయినా పేలతాయి
- [ ] చీకట్లో మెరవడానికి మీటర్లకు రేడియం పూత ఉంటుంది, పగిలిన గాజును చేత్తో తాకవద్దు
- [ ] ఎముకలు కనిపిస్తే అక్కడితో ఆగి, స్థానిక అధికారులకు చెప్పండి

ఆఖరి దానిలో రాజీ వద్దు. ఆ విమానంలో పోయిన కుర్రాడి ఇంట్లోవాళ్లు ఇంకా ఎదురుచూస్తూ ఉండవచ్చు. మృతుల అవశేషాలను జపాన్‌కు చేర్చే పని ఆ దేశ ఆరోగ్య, కార్మిక, సంక్షేమ శాఖ చూస్తుంది. ఫొటో తీసి ఆన్‌లైన్‌లో పెట్టకండి. శిథిలం ఉన్న కచ్చితమైన చోటు కూడా బయట పెట్టకండి, పాత ఇనుము కోసం వచ్చేవాళ్లు కూడా చదువుతారు.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే దారి

రంగును నమ్మడం. తోక నంబరు, చారలు తరువాత ఎవరైనా వేయవచ్చు. యుద్ధకాలపు ఫొటో దొరికేదాకా ఆ గడి ఖాళీ.

సినిమా విమానాలను లెక్కలో కలపడం. ఎయిర్‌షోల్లో కనిపించే "జీరో"ల్లో చాలావరకు అమెరికన్ టెక్సన్ శిక్షణ విమానాలకు వేషం వేసినవి. కాక్‌పిట్ కప్పు, చక్రాలు చూస్తే తెలుస్తుంది. చిరాన్‌లోని హయబుసా కూడా సినిమా కోసం చేసిన నమూనా.

ఒకే విమానాన్ని రెండుసార్లు లెక్కపెట్టడం. బివా సరస్సు జీరో మొదట క్యోటోలోని అరాషియామా మ్యూజియంలో, తరువాత షిరహామాలో, ఇప్పుడు కురేలో ఉంది. చిరాన్ హయాతె కూడా ఫిలిప్పీన్స్‌లో పట్టుబడి, అమెరికాలో ఎగిరి, 1973లో జపాన్ చేరి, అరాషియామా మీదుగా చిరాన్ వచ్చింది. పాత పుస్తకాల్లో ఇవి వేర్వేరు విమానాల్లా కనిపిస్తాయి. మూతపడిన మ్యూజియం పేరు తగిలితే దాని విమానాలు ఎక్కడికి వెళ్లాయో అక్కడే ఆగి తేల్చండి.

పోయినదాన్ని ఉన్నదనుకోవడం. అలాస్కాలో దొరికిన అకుటాన్ జీరో ఎంత ప్రసిద్ధమైనదైనా, 1945 ఫిబ్రవరిలో నేలమీద ఇంకో విమానం గుద్ది ముక్కలైంది. చిన్న భాగాలే మిగిలాయి.

## 12. మొదటి సాధనకు ఇది తీసుకోండి

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన విమానాలు ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చాయి. రెండు నెలల తరువాత, జూన్ 4న, అకుటాన్ దీవిలో కూలిన తదయోషి కోగా జీరో కూడా అదే ర్యూజో నుంచి లేచింది. దాని తయారీ నంబరు 4593, తోక నంబరు డీఐ-108.

జీరోతో మొదలుపెట్టవద్దని 1వ మెట్టులో అన్నాను గానీ, ఇది మినహాయింపు. ఈ ఒక్క విమానానికి 3వ మెట్టులోని పేజీ నింపండి. అది ఎప్పుడు దొరికింది, శాన్ డియాగోలో ఎప్పుడు బాగుచేశారు, ఎప్పుడు ఎగిరింది, ఎలా పోయింది, మిగిలిన ముక్కలు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయి. పత్రాలు, ఫొటోలు పుష్కలంగా ఉన్నాయి కాబట్టి ప్రతి గడికీ రెండు ఆధారాలు దొరకాలి. దొరకని గడులు ఎన్నో చూసుకుని, తరువాత చిరాన్ హయాతె నంబరు 1446 పేజీ తెరవండి.